నాన్న మోకాలి ఆపరేషన్: రక్తం పల్చబరిచే మాత్ర ఎన్ని రోజులు ఆపాలి, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి?

ప్రశ్న

మా నాన్నకు 72 ఏళ్లు. మూడేళ్లుగా ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంది, అంటే గుండె లయ తప్పి కొట్టుకుంటోంది. బీపీ, షుగర్ కూడా ఉన్నాయి. గుండెలో గడ్డ కట్టి మెదడుకు పోకుండా అపిక్సబాన్ 5 మిల్లీగ్రాముల మాత్ర ఉదయం 8కి ఒకటి, రాత్రి 8కి ఒకటి వేసుకుంటారు. ఈ మూడేళ్లలో ఒక్క పూట కూడా తప్పలేదు. ఫోన్‌లో అలారం మోగకముందే మాత్ర చేతిలో ఉంటుంది.

నాలుగు నెలల కిందట మెట్లు దిగుతుంటే కాలు మెలిపడి కుడి మోకాలిలో మెనిస్కస్, అంటే ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి, చిరిగింది. కూర్చుని లేచేటప్పుడు మోకాలు మధ్యలో బిగుసుకుపోతోంది, చాపలేరు, మడవలేరు. వ్యాయామాలన్నీ చేశాక కూడా బిగుసుకోవడం తగ్గకపోవడంతో ఆర్థ్రోస్కోపీ, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి చేసే ఆపరేషన్, చేసి చిరిగిన ముక్క తీసేద్దామన్నారు. చిన్న ఆపరేషనే, అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చన్నారు. వచ్చే గురువారం ఉదయానికి పెట్టారు.

అపిక్సబాన్ ఎప్పుడు ఆపాలని అడిగితే ముగ్గురు డాక్టర్లు మూడు రకాలుగా చెప్పారు. ఎముకల డాక్టర్ గారు 5 రోజులు ఆపమన్నారు. గుండె డాక్టర్ గారు ఒక్క రోజు చాలు, అంతకంటే ఎక్కువ ఆపొద్దన్నారు. మత్తుకు ముందు పరీక్ష చేసిన డాక్టర్ గారు 3 రోజులు అన్నారు. ముగ్గురి మీదా మాకు నమ్మకం ఉంది. కానీ ఇప్పుడు ఎవరి మాట విని ఎవరి మాట వదిలెయ్యాలి?

నాకు ఇంత టెన్షన్ ఎందుకో కూడా చెప్పాలి. మా బాబాయిదీ ఇదే జబ్బు, మందు కూడా ఇదే. రెండేళ్ల కిందట చేతి వేలికి చిన్న ఆపరేషన్ అంటే మాత్ర ఆపమన్నారు, ఆపాడు. ఆపరేషన్ బాగానే అయింది. డిశ్చార్జ్ కాగితంలో యాంటీబయాటిక్ ఉంది, నొప్పి మాత్ర ఉంది, కట్టు ఎప్పుడు మార్చాలో ఉంది. ఆపిన మాత్ర మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో మాత్రం లేదు. వాళ్లు చెప్తారని బాబాయి చూశాడు. ఆయనకు తెలుసుకదా అని వాళ్లు అనుకున్నారు. 19వ రోజు పొద్దున నోరు వంకరపోయింది, కుడి చెయ్యి లేవలేదు. నడక తిరిగొచ్చింది గానీ మాట ఇప్పటికీ సగమే.

అందుకే నాకు రెండు ప్రశ్నలు. ఎన్ని రోజులు ఆపాలి? మళ్లీ ఏ రోజు, ఏ పూట మొదలుపెట్టాలి? ఆ రెండో తేదీ చెప్పాల్సింది ఎవరు?

క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్త పరీక్ష) 1.3, బరువు 68 కిలోలు. ఇంతకుముందు పక్షవాతం రాలేదు. రక్తస్రావం ఎప్పుడూ కాలేదు.

జవాబు 1

నేను మత్తు డాక్టర్ని, 20 ఏళ్లకు పైగా ఇదే పని. మీ నాన్నగారిని నేను చూడలేదు కాబట్టి చివరి నిర్ణయం మీ డాక్టర్లదే. అయితే ముగ్గురూ మూడు మాటలు ఎందుకు చెప్పారో నాకు అర్థమైంది. అది తెలిస్తే వాళ్లను ఏం అడగాలో మీకూ తెలుస్తుంది.

5 రోజులు అన్నది వార్ఫరిన్ అనే, రక్తం పల్చబరిచే పాత మందు కాలం నుంచి వచ్చిన లెక్క. రక్తం గడ్డకట్టడానికి అవసరమైన కొన్ని పదార్థాలు లివర్‌లో విటమిన్ కె సాయంతో తయారవుతాయి. వార్ఫరిన్ ఆ తయారీనే అడ్డుకుంటుంది. అందుకే మందు ఆపగానే రక్తం మామూలుగా అయిపోదు. మందు ఒంట్లోంచి పోవాలి, లివర్ ఆ పదార్థాలను కొత్తగా తయారుచెయ్యాలి. దానికి ఐదు రోజులు పడుతుంది. అపిక్సబాన్ పని అలా కాదు. తయారైపోయి రక్తంలో తిరుగుతున్న ఒక పదార్థాన్ని, ఫ్యాక్టర్ 10ఎ ను, నేరుగా పట్టుకుంటుంది. సుమారు 12 గంటలకు మందు సగమవుతుంది, మరో 12 గంటలకు ఆ సగంలో సగం. రెండు రోజులు దాటేసరికి మిగిలేది చాలా కొంచెం. కాబట్టి మీ నాన్నగారికి 5 రోజులు ఆపితే రక్తస్రావం విషయంలో అదనంగా కలిసొచ్చేది ఏమీ ఉండదు. గుండెకు రక్షణ లేని రోజులు మాత్రం పెరుగుతాయి.

గుండె డాక్టర్ గారు చెప్పిన ఒక్క రోజుకు గట్టి ఆధారమే ఉంది. 2019లో వచ్చిన పాజ్ అనే అధ్యయనంలో, మీ నాన్నగారిలాగే గుండె లయ తప్పి అపిక్సబాన్, డాబిగాట్రాన్, రివరాక్సబాన్‌లలో ఏదో ఒకటి వాడుతున్న 3,007 మందిని చూశారు. రక్తస్రావం ముప్పు తక్కువగానో మధ్యస్థంగానో ఉన్న ఆపరేషన్లకు ముందు ఒక్క రోజు ఆపి, అయ్యాక 24 గంటలకు మొదలుపెట్టారు. ముప్పు ఎక్కువున్న ఆపరేషన్లకు ముందు రెండు రోజులు ఆపి, 48 నుంచి 72 గంటల తర్వాత మొదలుపెట్టారు. అపిక్సబాన్ వాడినవాళ్లలో పెద్ద రక్తస్రావం 1.35 శాతం మందికి అయింది. గడ్డ కట్టి పక్షవాతం లాంటిది వచ్చింది 0.16 శాతానికే. మోకాలి ఆర్థ్రోస్కోపీ మొదటి రకంలోకి వస్తుంది.

మరి 3 రోజులు ఎక్కడిది? అది మోకాలి కోసం కాదు, వెన్ను కోసం. నడుము దగ్గర సూది గుచ్చి కాళ్లకు మత్తు ఇచ్చేటప్పుడు, రక్తం పల్చగా ఉంటే వెన్నెముక గొట్టంలో రక్తం చేరే ప్రమాదం ఉంది. మోకాలిలో రక్తం చేరితే వాస్తుంది, నొప్పి పెడుతుంది, అవసరమైతే సూదితో తీసేస్తాం. వెన్నెముక గొట్టంలో ఆ వెసులుబాటు లేదు. చుట్టూ ఎముక. చేరిన రక్తం నరాలను నొక్కేస్తుంది, గంటల్లో బయటికి తియ్యకపోతే కాళ్లు శాశ్వతంగా పడిపోవచ్చు. చాలా అరుదు, కానీ వస్తే ఘోరం. అందుకే వెన్నుకు మత్తు ఇచ్చే ముందు అపిక్సబాన్ చివరి మాత్ర నుంచి 72 గంటలు గడవాలని మా మత్తు డాక్టర్ల మార్గదర్శకాలు చెప్తాయి. నేనూ దాన్ని సడలించను.

ఇప్పుడు మీరు అడగాల్సింది ఒకే మాట: వెన్నుకు మత్తా, పూర్తి మత్తా?

గురువారం ఉదయం 8కి ఆపరేషన్, వెన్నుకు మత్తు అనుకుందాం. చివరి మాత్ర సోమవారం ఉదయం 8కి. ఆ రాత్రిది వెయ్యకూడదు. పూర్తి మత్తయితే చివరి మాత్ర మంగళవారం రాత్రి 8కి. బుధవారం రెండు పూటలూ లేదు, గురువారం ఉదయమూ లేదు. మాత్ర ఒకటే, మోకాలూ ఒకటే. మత్తు మారితే మూడు పూటల తేడా వస్తుంది.

కిడ్నీ లెక్క కూడా వేశాను, అంటే కిడ్నీలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రం చేస్తున్నాయో. 140 లోంచి వయసు తీసేసి, బరువుతో గుణించి, 72తో క్రియాటినిన్‌ని గుణిస్తే వచ్చినదానితో భాగిస్తే 49 వస్తుంది. ఆ వయసుకు ఫర్వాలేదు. అపిక్సబాన్‌లో కిడ్నీల ద్వారా పోయేది దాదాపు నాలుగో వంతే కాబట్టి ఈ అంకె వల్ల రోజులు మారవు. అదే డాబిగాట్రాన్ అయితే 80 శాతం కిడ్నీల ద్వారానే పోవాలి. 50 కంటే తక్కువ ఉన్నవాళ్లకు ఒక రోజు బదులు రెండు, రెండు బదులు నాలుగు రోజులు ఆపుతాం. పక్కింటివాళ్లు ఎన్ని రోజులు ఆపారో చూసి మనం ఆపకూడదు అనేది అందుకే. మందు పేరు వేరు, కిడ్నీలు వేరు.

మధ్యలో, మాత్ర లేని రోజుల్లో గడ్డ కట్టకుండా వంతెనలా, హెపారిన్ ఇంజెక్షన్లు ఇద్దామని ఎవరైనా అంటే ఎందుకని అడగండి. అపిక్సబాన్ తొందరగా పోతుంది, తొందరగా పని మొదలుపెడుతుంది, మధ్యలో వంతెన అక్కర్లేదు. వార్ఫరిన్ వాడేవాళ్లలో కూడా, గుండె లయ తప్పడం ఒక్కటే కారణమైతే, 2015లో వచ్చిన బ్రిడ్జ్ అధ్యయనంలో ఇంజెక్షన్లు ఇచ్చినా ఇవ్వకపోయినా గడ్డలు దాదాపు ఒకేలా వచ్చాయి: ఇవ్వనివాళ్లలో 0.4 శాతం, ఇచ్చినవాళ్లలో 0.3 శాతం. పెద్ద రక్తస్రావం మాత్రం 1.3 శాతం నుంచి 3.2 శాతానికి పెరిగింది.

ఇక మీ రెండో ప్రశ్న. మీ బాబాయి గారి సంగతి చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఒకప్పుడు నేనూ ఆపే తేదీ మాత్రమే రాసేవాణ్ణి. మొదలుపెట్టడం సర్జన్ పని అనుకునేవాణ్ణి. సర్జనేమో గుండె డాక్టర్ పని అనుకుంటారు. గుండె డాక్టర్‌కు ఆపరేషన్ అయిన విషయమే తెలియదు. ఇప్పుడు ఆపమని రాసిన కాగితం మీదే, దాని పక్కనే, మొదలుపెట్టే రోజు, పూట కూడా రాస్తున్నాను. మార్చాలంటే సర్జన్ కొట్టేసి మారుస్తారు, ఖాళీగా మాత్రం ఉండదు. మీరు కూడా ఆ తేదీ కాగితం మీద పడేదాకా అక్కణ్ణుంచి కదలకండి. ఎవరికీ కోపం రాదు, వచ్చినా ఫర్వాలేదు.

మామూలుగా అయితే ఆ తేదీ ఆపరేషన్ మర్నాడు, 24 గంటలు దాటాక. ఎముక చెక్కడం లాంటి పని పడినా, మోకాలు బాగా వాచినా, వెన్ను సూదిలో రక్తం కనిపించినా 48 నుంచి 72 గంటల దాకా ఆగుతాం. మానేసిన పూటలకు లెక్కగట్టి రెండు మాత్రలు ఒకేసారి వెయ్యకూడదు. వేసిన కొన్ని గంటల్లోనే మందు పూర్తిగా పనిచేస్తుంది కాబట్టి తొందరపడనూ కూడదు.

జవాబు 2

నాకు 49 ఏళ్లు. గుండెలో మైట్రల్ వాల్వ్ మార్చి మెటల్‌ది పెట్టారు, వార్ఫరిన్ మీద ఉన్నాను. పైన డాక్టర్ గారు చెప్పినది మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లకు వర్తించదు, అందుకే రాస్తున్నాను. మాకు అపిక్సబాన్ లాంటి కొత్త మందులు పనికిరావు. మైట్రల్ స్థానంలో మెటల్ వాల్వ్ ఉంటే ఇంజెక్షన్ల వంతెన కూడా సాధారణంగా వేస్తారు.

పోయిన సంవత్సరం చీలమండకు ఆర్థ్రోస్కోపీ చేశారు. నా ఐఎన్ఆర్, అంటే రక్తం ఎంత పల్చగా ఉందో చెప్పే పరీక్ష అంకె, 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. ఆపరేషన్‌కు 5 రోజుల ముందు నుంచి వార్ఫరిన్ ఆపించారు. ఐఎన్ఆర్ 2 కంటే తగ్గాక ఎనోక్సాపారిన్ (హెపారిన్ రకం ఇంజెక్షన్) 60 మిల్లీగ్రాములు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, పొట్ట మీద పొడుచుకున్నాను. నా బరువు 60 కిలోలు, కిలోకు ఒక మిల్లీగ్రాము చొప్పున. చివరి ఇంజెక్షన్‌కూ ఆపరేషన్‌కూ మధ్య 24 గంటలు ఉంచారు. ఆ పొద్దున ఐఎన్ఆర్ 1.3. అదే రాత్రి వార్ఫరిన్ మామూలు మోతాదులో మొదలు, మర్నాటి నుంచి మళ్లీ ఇంజెక్షన్లు. ఐఎన్ఆర్ పైకి రావడానికి ఆరు రోజులు పట్టింది. అప్పటిదాకా రెండూ కలిపి నడిచాయి. వార్ఫరిన్ వేసినంత మాత్రాన ఆ రోజే రక్షణ వచ్చేసినట్టు కాదని నాకు అప్పుడే తెలిసింది.

అన్నీ పద్ధతిగా చేసి ఒక్కచోట పొరపాటు చేశాను. రెండో రాత్రి నొప్పికి తట్టుకోలేక, ఇంట్లో పాతవి ఉంటే డైక్లోఫెనాక్ మాత్రలు వేసుకున్నాను, 12 గంటల తేడాతో రెండు. డాక్టర్‌ని అడగలేదు. తెల్లారేసరికి మడమ నుంచి పిక్క దాకా నల్లగా కమిలిపోయి, కట్టు బిగుసుకుపోయి ఉంది. పరుగెత్తుకుంటూ వెళ్తే లోపల రక్తం చేరిందన్నారు. ఒక ఇంజెక్షన్ ఆపారు. ఆ ఒక్క ఇంజెక్షన్ ఆపడం కూడా నా వాల్వ్‌కు ప్రమాదమే. వాపు పోవడానికి మూడు వారాలు పట్టింది. అమ్మా, మీ నాన్నగారికి నొప్పికి ఏం వాడాలో ముందే అడిగి పెట్టుకోండి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి ఇంట్లో ఉంటే తీసేయండి. నాకు పారాసిటమాల్ ఇచ్చారు. వార్ఫరిన్ వాడేవాళ్లు అదీ పూర్తి మోతాదులో రోజుల తరబడి వాడితే ఐఎన్ఆర్ పెరుగుతుంది, చూయించుకుంటూ ఉండాలి.

జవాబు 3

మధ్యలో వేరే ప్రశ్న అడుగుతున్నందుకు మన్నించండి. మా అమ్మకు నాలుగు నెలల కిందట హార్ట్ ఎటాక్ వచ్చి స్టెంట్ వేశారు. గడ్డ కట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలు రెండూ వాడుతోంది. మోకాలిలో నీరు చేరితే సూదితో తీసి ఇంజెక్షన్ ఇస్తామన్నారు. తర్వాత ఆర్థ్రోస్కోపీ కూడా అవసరం కావచ్చన్నారు. రెండు మాత్రలూ ఆపాలా?

జవాబు 4 (జవాబు 1 రాసిన డాక్టర్)

సొంతంగా ఒక్క మాత్ర కూడా ఆపకండి. స్టెంట్ కొత్తగా ఉన్నప్పుడు ఈ రెండిట్లో ఏది ఆపినా స్టెంట్‌లోనే గడ్డ కట్టొచ్చు. అది మళ్లీ హార్ట్ ఎటాకే.

సూదితో నీరు తియ్యడానికి, కీలులో ఇంజెక్షన్‌కు సాధారణంగా ఈ మందులు ఆపాల్సిన పని లేదు. సన్న సూది వాడి, తర్వాత కాసేపు గట్టిగా నొక్కి పట్టుకుంటే సరిపోతుంది. వార్ఫరిన్ వాడేవాళ్లకూ ఐఎన్ఆర్ ఉండాల్సిన హద్దులో ఉంటే అంతే. ఆర్థ్రోస్కోపీ మాత్రం ప్రాణం మీదికొచ్చే ఆపరేషన్ కాదు. హార్ట్ ఎటాక్‌కు స్టెంట్ వేసినవాళ్లకు ఇలాంటివి వీలైతే ఏడాది దాకా వాయిదా వెయ్యడం మేలు. ఆ తర్వాత కూడా గుండె డాక్టర్ సరే అంటేనే క్లోపిడోగ్రెల్ 5 రోజుల ముందు ఆపి, ఆస్పిరిన్ కొనసాగిస్తూ చేస్తారు. ఆస్పిరిన్ ఒక్కటే ఉంటే వెన్నుకు మత్తు ఇవ్వడానికి కూడా మాకు అభ్యంతరం లేదు.

జవాబు 5

నేను ఫిజియోథెరపిస్ట్‌ని. ఆపరేషన్ తర్వాత ఇంట్లో ఏం గమనించాలో ఎవరూ రాయలేదు. ఆర్థ్రోస్కోపీ అయ్యాక కొంచెం వాపు అందరికీ ఉంటుంది. కానీ కొన్ని గంటల్లోనే మోకాలు బంతిలా బిగిసి, వేడెక్కి, మడవలేనంత నొప్పి పెడితే లోపల రక్తం చేరుతోందేమోనని వెంటనే చూపించాలి. పిక్కలో నొప్పి, ఒక కాలే వాయడం, ఉన్నట్టుండి ఆయాసం వస్తే అవతలి సమస్య, అంటే గడ్డ. వెన్నుకు మత్తు ఇస్తే, మత్తు దిగాక మళ్లీ కాళ్లు మొద్దుబారినా, నడుము బాగా నొప్పి పెట్టినా, మూత్రం రాకపోయినా అర్ధరాత్రయినా సరే ఆస్పత్రికి వెళ్లాలి. మొదటి రోజు నుంచే పాదాలు కిందికీ పైకీ ఆడించమనండి. మంచం మీదే ఉండిపోకుండా చూడండి.

ప్రశ్న అడిగినవారి నుంచి

ఆపరేషన్ అయిపోయింది. మీ అందరికీ చెప్పకుండా ఉండలేను.

డాక్టర్ గారు రాసినది చదివిన మర్నాడే ఆస్పత్రికి ఫోన్ చేసి ఆ ఒక్క ప్రశ్న అడిగాను. ఎముకల డాక్టర్ గారు, మత్తు డాక్టర్ గారు మాట్లాడుకున్నారు. నాన్న గుండె స్కాన్ చూసి పూర్తి మత్తు ఇవ్వడానికి ఇబ్బంది లేదన్నారు. 5 రోజులన్నది వార్ఫరిన్ వాడేవాళ్లకు చెప్పే మాట అలవాటుగా వచ్చేసిందని ఎముకల డాక్టర్ గారే చెప్పారు. అడిగినందుకు నొచ్చుకోలేదు. ఆ ఒప్పుకోవడంతో ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. గుండె డాక్టర్ గారికి కూడా ఫోన్‌లో చెప్పాం, సరే అన్నారు.

చివరి మాత్ర మంగళవారం రాత్రి 8కి. ఒక తెల్ల కాగితం మీద సోమవారం నుంచి ఆదివారం దాకా రోజుకు రెండు గళ్లు గీసి ఫ్రిజ్‌కి అంటించాను. బుధవారం పొద్దున అలవాటు కొద్దీ నాన్న చెయ్యి మాత్రల డబ్బా మీదికి వెళ్లింది. గడి చూసి వెనక్కి తీసుకున్నారు. అలారం మాత్రం ఆపనివ్వలేదు. మోగినప్పుడల్లా గడిలో 'లేదు' అని తన చేత్తోనే రాసుకున్నారు.

గురువారం ముప్పావుగంటలో అయిపోయింది. చిరిగిన ముక్క తీసేశారు, ఎముక జోలికి వెళ్లలేదు. డిశ్చార్జ్ కాగితం చేతికొచ్చాక చూశాను. అపిక్సబాన్ మాటే లేదు. బాబాయి కాగితంలో ఎలా లేదో ఇందులోనూ అలాగే లేదు. నా చేతులు వణికాయి. వెనక్కి వెళ్లి అడిగితే డాక్టర్ గారు బయటికి వచ్చి, శుక్రవారం పొద్దున మోకాలు చూశాకే చెప్దామనుకున్నానన్నారు. ఆ మాటే రాసివ్వమన్నాను. రాశారు: 'శుక్రవారం ఉదయం మోకాలి పరీక్ష. వాపు లేకపోతే అదే రాత్రి 8కి అపిక్సబాన్ 5 మొదలు.' కింద సంతకం పెట్టారు. నొప్పికి పారాసిటమాల్ మాత్రమే. ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్ స్ట్రిప్పు అంతకుముందే పారేశాను.

శుక్రవారం పొద్దున మోకాలు కొద్దిగా ఉబ్బి ఉంది, మెత్తగానే ఉంది. మొదలుపెట్టమన్నారు.

రాత్రి 8కి అలారం మోగింది. నాన్న మాత్ర నోట్లో వేసుకుంటుండగానే ఫోన్ కూడా మోగింది. బాబాయి. ఫోన్‌లో మాట్లాడటం ఆయనకు చాలా కష్టం, మామూలుగా పిన్నే మాట్లాడుతుంది. ఆ రోజు తనే పట్టుకున్నాడు. ఒక్కో మాటా కూడదీసుకుని, "అన్నయ్యా... మాత్ర... వేసుకున్నావా" అన్నాడు. నాన్న నీళ్లు తాగి, "ఇప్పుడే వేసుకున్నాన్రా" అన్నారు.